బెంగళూరు నుంచి కూనూరు టీ తోటకు, స్నేహితుల కుటుంబాలతో: మూడు రోజుల ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

సంక్రాంతి హడావిడి తగ్గాక మేము నాలుగు కుటుంబాలం కలిసి తమిళనాడు నీలగిరి కొండల్లో ఊటీ పక్కనున్న కూనూరు వెళ్లొచ్చాం. పెద్దవాళ్లం తొమ్మిది మందిమి, పిల్లలు ఆరుగురు. అప్పటినుంచి మా మహదేవపుర అపార్ట్‌మెంట్‌లో ఎవరు కలిసినా అదే ప్రశ్న: "వదినా, అంతమందిని వేసుకుని ఎలా వెళ్లారు? ఎక్కడ దిగారు? తోటలోకి రానిచ్చారా?" అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇదంతా రాస్తున్నాను.

ఇది మాకు రెండో ప్రయాణం. మొదటిసారి వెళ్లినప్పుడు ఊటీ సరస్సు, బొటానికల్ గార్డెన్, దొడ్డబెట్ట అంటూ రెండు రోజులూ ట్రాఫిక్‌లోనే గడిచిపోయాయి. టీ తోటలో అడుగు పెట్టకుండానే తిరిగొచ్చాం. అందుకే ఈసారి ఒకటే నియమం పెట్టుకున్నాం: తోట కోసం వెళ్తే తోటలోనే ఉండాలి. కింద చెప్పేదంతా ఆ నియమం మీద వేసిన ప్లానే. ఊటీలో పది చోట్లు చూడాలనుకునే వాళ్లకు ఇది పనికిరాదు.

## 1. ఎవరెవరు, ఎన్ని రోజులు: ముందు ఇది తేల్చండి

మూడు లేదా నాలుగు కుటుంబాలు దాటొద్దు. ఐదో కుటుంబం చేరిందంటే ఒకే బసలో గదులు దొరకవు, హోటల్లో అందరికీ ఒకచోట టేబుళ్లు దొరకవు, ఉదయం బయల్దేరడానికి గంట ఆలస్యం.

రోజులు: రెండు రాత్రులు, మూడు పగళ్లు. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. శుక్రవారం సెలవు పెట్టలేం, శనివారం వెళ్లి ఆదివారం వచ్చేద్దాం అంటారు కొందరు. వద్దు. వెళ్లడానికి తొమ్మిది గంటలు, రావడానికి తొమ్మిది గంటలు పోతే పిల్లలకు మిగిలేది వాంతులే.

ఇంకో కారణం కూడా ఉంది, టీ ఫ్యాక్టరీ చూడడం. కోసిన ఆకును రాత్రంతా వాడబెట్టి, మర్నాడు ఉదయం నుంచి యంత్రాల్లో వేస్తారు. ఆదివారం కోత ఉండని చోట సోమవారం ఫ్యాక్టరీకి ఆకు ఉండదు. శుక్రవారం కోసిన ఆకు శనివారం ఆడుతుంది కాబట్టి మనలాంటి వాళ్లకు శనివారం ఉదయమే మంచి సమయం. మొదటిసారి మేము సోమవారం వెళ్లి ఆగిపోయిన యంత్రాలను చూసి వచ్చాం.

## 2. ఏ నెలలో వెళ్లాలి

- జనవరి చివర నుంచి మార్చి దాకా: ఆకాశం తేటగా ఉంటుంది, రోడ్డు పొడిగా ఉంటుంది. చలి ఎక్కువ, ఆకు దిగుబడి తక్కువ. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న గుంపుకు నేను చెప్పేది ఇదే.
- ఏప్రిల్, మే: తోట పచ్చగా, చిగురు నిండుగా ఉంటుంది. కానీ జనం విపరీతం. మేలో ఊటీ పూల ప్రదర్శన రోజుల్లో అయితే అసలు వద్దు.
- జూన్ నుంచి ఆగస్టు దాకా: నీలగిరికి పడమటి వైపున్న గూడలూరు ప్రాంతంలో వాన దంచుతుంది. తోటల్లో జలగలు.
- సెప్టెంబర్: రెండు వానల మధ్య కాస్త తెరిపి. ఆకు బాగుంటుంది, జనం తక్కువ.
- అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా: ఈశాన్య రుతుపవనాలు కూనూరు, దానికి దగ్గర్లోని కోటగిరి వైపే ఎక్కువగా కురుస్తాయి. కూనూరు నుంచి కిందికి దిగే మేట్టుపాళయం ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడతాయి. ఆ రోజుల్లో బుక్ చేసుకుంటే రద్దు చేసుకునే వీలు ఉండాలి.

లాంగ్ వీకెండ్ ఏ నెలలో వచ్చినా వదిలేయండి. ఒక్క వారం వెనక్కి జరుపుకుంటే రోడ్డు మీద మూడు గంటలు మిగులుతాయి.

## 3. బస ఎక్కడ: కూనూరా, కోటగిరా, ఊటీయా?

ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కూనూరు 1,850 మీటర్ల దగ్గర. ఊటీ కన్నా కూనూరులో చలి కాస్త తక్కువ, తోటలు మాత్రం ఇంటి గడప దాకా ఉంటాయి. రెండింటి మధ్య దూరం 20 కిలోమీటర్ల లోపే. కోటగిరి ఇంకా ప్రశాంతంగా ఉంటుంది కానీ ఆసుపత్రి, మందుల షాపు, రాత్రి భోజనం లాంటివి కూనూరులో సులువు. మొదటిసారి వెళ్లేవాళ్లకు కూనూరు, రెండోసారి వెళ్లేవాళ్లకు కోటగిరి అని నా సలహా.

తోటలోనే ఉన్న హోమ్‌స్టే గానీ, ఎస్టేట్ బంగ్లా గానీ మొత్తం ఇల్లు తీసుకోండి. ఫోటోలు చూసి డబ్బు కట్టొద్దు. మేము మొదటిసారి అలాగే కట్టాం. వెళ్లి చూస్తే ఫోటోలోని తోట ఇంటి ముందు ఉంది, మా గదులు వెనక గోడ వైపు ఉన్నాయి. నాలుగు గదులకు ఒకే గీజర్. ఆరు డిగ్రీల చలిలో మా అత్తయ్య వేడినీళ్ల కోసం బకెట్ పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ఆ దృశ్యం గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధే.

ఫోన్ చేసి ఇవి అడగండి. వాట్సాప్‌లో జవాబు రాసి పంపమనండి:

- ప్రతి బాత్రూమ్‌కు వేరే గీజర్ ఉందా? కరెంటు పోతే?
- టెంపో ట్రావెలర్ గేటు దాకా వస్తుందా? లేకపోతే ఎంత దూరం నడవాలి?
- మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మెట్లు లేని గది ఉందా?
- ఒక్కో గదికి ఎన్ని రగ్గులు ఇస్తారు?
- వంటగది మనం వాడుకోవచ్చా? కనీసం పాలు కాచుకోవడానికి, అన్నం వండుకోవడానికి?
- డ్రైవర్‌కు పడుకునే చోటు ఉందా?
- ఇంటి తోటలో పురుగుమందు కొట్టని టీ మొక్కలు ఉన్నాయా? పిల్లలు గుప్పెడు ఆకు కోసుకోవచ్చా?

ఆఖరి ప్రశ్న చాలా ముఖ్యం. ఎందుకో 8వ భాగంలో చెప్తాను.

డ్రైవర్ విషయం మర్చిపోకండి. తొమ్మిది గంటలు నడిపి, రాత్రి బండి సీట్లో ముడుచుకుని పడుకున్న మనిషి చేత మర్నాడు ఘాట్ రోడ్డు నడిపించడం మన పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే.

## 4. బండి, పర్మిట్, ఈ-పాస్

పదిహేను మంది అంటే ఒక టెంపో ట్రావెలర్, ఒక కారు సరిపోతాయి. రెండు బండ్లు ఉండడం మంచిదే. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కారు విడిగా వెళ్లగలదు.

టెంపో ట్రావెలర్ మాట్లాడేటప్పుడు "మొత్తం ఎంత?" అని ఒక్క మాట అడిగి ఊరుకోకండి. రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క వేస్తారు, డ్రైవర్ బాటా (రోజువారీ భత్యం) ఎంత, టోల్ ఎవరిది, తమిళనాడు పర్మిట్ డబ్బు అందులో కలిసిందా లేదా, ఈ నాలుగూ విడివిడిగా అడగండి. గొడవలన్నీ ఆఖరి రోజు పర్మిట్ దగ్గరే వస్తాయి.

ఈ-పాస్. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లకే అనుమతి అని పరిమితి కూడా పెట్టారు. అంటే ఆఖరి నిమిషంలో చూసుకుందాంలే అంటే కుదరదు. బయల్దేరే వారం నిబంధన ఎలా ఉందో చూసుకుని, తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైట్‌లో తీసుకోండి. డబ్బు కట్టక్కర్లేదు. బండి నంబరు, తేదీలు, ఎంతమంది, ఎక్కడ దిగుతున్నారు అన్నవి అడుగుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ట్రావెల్స్ వాళ్లు ముందు రోజు రాత్రి బండి మార్చేస్తారు, నంబరు మారుతుంది. పాత నంబరు పాస్ చెల్లదు. డ్రైవర్ ఫోన్ చేసిన వెంటనే "బండి నంబరు అదేనా అన్నా?" అని అడిగి సరిచూసుకోండి. పాస్ స్క్రీన్‌షాట్ ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. అడవి దారిలో సిగ్నల్ ఉండదు.

ప్లాస్టిక్. నీలగిరిలో ఒకటి, రెండు లీటర్ల ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, ఒకసారి వాడి పారేసే ప్లేట్లు, గ్లాసులు, క్యారీ బ్యాగులు నిషేధం. చెక్‌పోస్టులో బండి వెతికి తీసేసుకుంటారు. మనిషికో స్టీలు సీసా పెట్టుకోండి. పైన నీళ్లు నింపుకోవడానికి వాటర్ ఏటీఎంలు ఉన్నాయి.

## 5. డబ్బు లెక్క

స్నేహితుల మధ్య మాట పడేది ఇక్కడే. సిగ్గుపడకుండా బెంగళూరులోనే తేల్చుకోండి.

మేము పెట్టుకున్న పద్ధతి: పెద్దవాళ్లకు ఒక వాటా, ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అర వాటా, అంతకన్నా చిన్నవాళ్లకు లేదు. బండి, భోజనాలు ఈ వాటాల లెక్క. గది అద్దె మాత్రం గదికి ఇంత అని కుటుంబానికి. షాపింగ్ ఎవరిది వాళ్లదే. అంచనా ఖర్చులో సగం ముందే ఒకరి దగ్గర జమ చేశాం. ఆ ఒక్కరే ఖర్చు పెడతారు, ఏ రోజు లెక్క ఆ రోజు రాత్రి గ్రూపులో పెడతారు.

"ఈ టిఫిన్ నేనిస్తాలే అన్నయ్యా" అని ఎవరైనా జేబులోంచి తీస్తే ప్రేమతో ఆపండి. ఒకరు ఒకసారి ఇస్తే ఇంకొకరు మొహమాటంతో ఇంకోసారి ఇస్తారు, అక్కణ్నుంచి లెక్క తప్పుతుంది.

## 6. సర్దుకోవాల్సినవి

- మనిషికి స్వెట్టర్ ఒకటి, గాలి ఆపే జాకెట్ ఒకటి, మంకీ క్యాప్, రెండు జతల సాక్సులు
- పట్టు ఉండే బూట్లు. తోట నేల వాలుగా, తడిగా ఉంటుంది. చెప్పులు జారతాయి
- వాన లేని నెల అయినా సరే, పల్చటి రెయిన్‌కోటు
- స్టీలు సీసాలు, స్టీలు ప్లేట్లు, గ్లాసులు, రెండు గుడ్డ సంచులు
- జ్వరం మందు, ఓఆర్‌ఎస్, డాక్టర్ని అడిగి తీసుకున్న వాంతుల మాత్రలు, పెద్దవాళ్ల బీపీ, షుగర్ మందులు నాలుగు రోజులకు సరిపడా
- టార్చిలైట్లు రెండు
- నోట్లలో చిల్లర. చెక్‌పోస్టు రుసుములకు, పార్కింగ్‌కు
- జలగల రోజుల్లో ఉప్పు పొట్లం

తిండి: మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం, చపాతీలు ఇంటి నుంచే. ఒక్కో ఇంటికి ఒక్కో వంట పంచుకుంటే ఎవరికీ భారం కాదు. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, కాస్త నెయ్యి తప్పనిసరి. రెండో రోజు రాత్రికల్లా పిల్లలు అన్నం, పప్పు అడుగుతారు. కుక్కర్ బసలో ఉంటుందో లేదో అడగండి. ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకదు.

## 7. దారి: ఏ టైముకు ఎక్కడ ఉండాలి

బెంగళూరు నుంచి మైసూరు, నంజనగూడు, గుండ్లుపేట, బందీపూర్, తెప్పకాడు మీదుగా పోవాలి. కూనూరు దాకా 300 కిలోమీటర్ల పైనే.

ఉదయం 4.30: బండి కదలాలి. "ఐదింటికి బయల్దేరదాం" అంటే ఆరవుతుంది, ఆరుకి మన ఔటర్ రింగ్ రోడ్డు సంగతి తెలిసిందే. సామాన్లు ముందు రాత్రే ఒక ఇంట్లో పెట్టేయండి.

7.00 ప్రాంతం: టిఫిన్. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే రామనగర, మద్దూరు, మండ్య ఊళ్లను తప్పించి పైనుంచి పోతుంది. మద్దూరు వడ తినాలంటే ముందే దిగి సర్వీసు రోడ్డు పట్టుకోవాలి. దాటిపోయాక "అయ్యో" అనుకుని లాభం లేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 100 కిలోమీటర్ల పరిమితి, కెమెరాలు ఉన్నాయి.

8.30: మైసూరు ఊళ్లోకి దూరకుండా రింగ్ రోడ్డు మీదుగా నంజనగూడు దారి. గుండ్లుపేటలో పిల్లలందర్నీ బాత్రూమ్‌కు తీసుకెళ్లండి. ఇదే ఆఖరి అవకాశం. తర్వాత అడవిలో బండి ఆపకూడదు.

10.00 నుంచి 11.00: బందీపూర్, ముదుమలై. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఈ దారి మామూలు వాహనాలకు మూసేస్తారు. పగలు కూడా దిగడం, ఫోటోలకు ఆగడం, కోతులకు తిండి వేయడం నిషేధం, జరిమానా పడుతుంది. ఏనుగు రోడ్డు మీదికి వస్తే దూరంగా ఆగి ఇంజన్ ఆపకుండా ఓపిక పట్టండి. హారన్ కొట్టొద్దు. పిల్లల చేత "గజరాజు వెళ్లేదాకా ఎవరూ మాట్లాడకూడదు" అని ముందే ఒట్టు వేయించుకోండి, మావాళ్లు ఊపిరి కూడా బిగబట్టారు.

తెప్పకాడు దగ్గర రెండు దారులు. ఎడమ వైపు మసినగుడి, కల్హట్టి మీదుగా దగ్గర దారి. కానీ 36 హెయిర్‌పిన్ మలుపులు, చాలా నిటారుగా ఉంటుంది. గూడలూరు మీదుగా 30 కిలోమీటర్ల పైన చుట్టు, కానీ రోడ్డు వెడల్పు, ఎక్కుడు నిదానం. పిల్లలతో, పెద్ద బండితో వెళ్లేవాళ్లు మారు మాట్లాడకుండా గూడలూరు దారి పట్టండి. నడువట్టం వైపు ఎక్కుతుంటే తోటలు అక్కడే మొదలవుతాయి. కల్హట్టి ఘాట్‌లో ప్రమాదాలు జరిగాక పర్యాటకుల బండ్లను ఆ దారిలో కిందికి దిగనివ్వడం ఆపారు. కాబట్టి తిరుగు ప్రయాణం కూడా గూడలూరు మీదుగానే లెక్క వేసుకోండి.

ఘాట్ రోడ్డు మీద. సొంత కారు నడిపేవాళ్లకు: ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. న్యూట్రల్‌లో దిగడం అసలు వద్దు.

వాంతులు. పిల్లలకు ఘాట్ మొదలయ్యే గంట ముందు పాలు, పూరీలు, చిప్స్ ఆపేయండి. ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా కొండ వైపు చూడమనండి. ఫోన్లు లాక్కోండి, వాంతులకు సగం కారణం అవే. అల్లం ముక్కకు ఉప్పు రాసి బుగ్గన పెట్టుకుంటే మా అత్తయ్యకు బాగా పనిచేసింది. కాగితపు సంచులు చేతికి అందేలా ఉండాలి, సామాన్ల అడుగున ఉండి ప్రయోజనం లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఊటీకి ముందు ఎక్కడైనా చెట్ల కింద పులిహోర తిని, రెండున్నరకు కూనూరు చేరాం. ఊటీలో ఆగలేదు. "ఇంత దూరం వచ్చి సరస్సు చూడకపోతే ఎలా?" అని ఒకరన్నారు. ఇక్కడే గట్టిగా ఉండాలి. ఆగితే ఆ సాయంత్రం పోయినట్టే.

## 8. పిల్లల చేత టీ పొడి చేయించండి

నా దృష్టిలో ప్రయాణం మొత్తానికి ఇదే ప్రాణం. ఫ్యాక్టరీలో జరిగేదంతా గుప్పెడు ఆకుతో చేత్తో చేయొచ్చు. ముందే అడిగి పెట్టుకున్న, మందు కొట్టని మొక్కల ఆకే వాడాలి. ఎస్టేటు ఆకు ముట్టుకోవద్దు. అది వాళ్ల పంట, పైగా మందు కొట్టి ఎన్ని రోజులైందో మనకు తెలియదు.

శుక్రవారం సాయంత్రం 4 గంటలు, కోత. రెండాకులు, ఒక మొగ్గ. అంతే కోయాలి. మా హోమ్‌స్టేలో పనిచేసే అక్క పిల్లలకు చూపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేత కాడ పట్టుకుని చిన్నగా పక్కకు వంచితే టక్కున విరుగుతుంది. గోటితో గిల్లకూడదు, పీకకూడదు. ఆమె రెండు చేతులూ మొక్క మీద ఆగకుండా తిరుగుతుంటే, కళ్లు మాత్రం పక్క మొక్క మీద ఉన్నాయి. మా పాప పది నిమిషాలు కష్టపడి దోసెడు కోసింది. ఆరుగురూ కలిసి ఒక పళ్లెం నింపారు, వంద గ్రాములు ఉంటుందేమో.

రాత్రంతా, వాడబెట్టడం. నూలు గుడ్డ మీద పల్చగా పరిచి గదిలో గాలి తగిలే చోట ఉంచండి. తెల్లారేసరికి ఆకు మెత్తబడి, పిడికిట్లో నొక్కినా విరగకుండా గుడ్డలా ముడుచుకోవాలి. కాడ వంచితే విరక్కుండా వంగాలి. ఇంకా పెళుసుగా ఉంటే మరో రెండు గంటలు ఆగండి.

శనివారం ఉదయం 8, నలపడం. పిల్లలకు పంచిపెట్టి రెండు అరచేతుల మధ్య వత్తులు చేసినట్టు నలపమనండి. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. చేతులకు ఆకుపచ్చ రసం జిగురుగా అంటుకోవాలి. ఆ రసం బయటికొచ్చి గాలి తగిలితేనే రంగు, రుచి.

8.30 నుంచి, రంగు తిరగడం. పళ్లెంలో అంగుళం మందాన పరిచి, తడి గుడ్డ కప్పి ఫ్యాక్టరీకి వెళ్లిపోండి. రెండు మూడు గంటల్లో పచ్చదనం పోయి రాగి రంగు వస్తుంది. పచ్చి గడ్డి వాసన తగ్గి పండు వాసన మొదలవుతుంది. చలి ఎక్కువుంటే ఇంకాస్త టైం తీసుకుంటుంది.

మధ్యాహ్నం, ఆరబెట్టడం. మందపాటి పెనం, అతి సన్నని మంట. చేత్తో కలుపుతూ అరగంట. నలిపితే పొడి కావాలి. మంట పెంచితే మాడు వాసన వస్తుంది, మళ్లీ ఏం చేసినా పోదు.

సాయంత్రం నాలుగింటికి ఆ ఆకుతో డికాషన్ పెట్టాం. రంగు పల్చగా, కాస్త వగరుగా ఉంది. మా అత్తయ్య రెండు కప్పులు తాగారు. పిల్లలు ఆరుగురూ గ్లాసులు పట్టుకుని, ఇది నా ఆకు, అది నీ ఆకు అని వాదించుకున్నారు.

## 9. ఫ్యాక్టరీ

శనివారం పది గంటలకల్లా చేరండి. కూనూరులో సిమ్స్ పార్కుకు దగ్గర్లో ఉన్న హైఫీల్డ్ ఫ్యాక్టరీ సందర్శకులకు అలవాటైన చోటు. ఎక్కడికి వెళ్లినా ముందు రోజు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: "రేపు ఉదయం యంత్రాలు ఆడుతున్నాయా?"

చూడాల్సిన వరుస: వాడబెట్టే పొడవాటి తొట్లు, నలిపే యంత్రం, రంగు తిరిగే చోటు, ఆరబెట్టే యంత్రం, జల్లెడలు. పిల్లలు ఉదయం చేత్తో నలిపి వచ్చారు కాబట్టి ఒక్కో యంత్రం దగ్గరా వాళ్లే చెప్పేస్తారు. సీటీసీ (క్రష్, టియర్, కర్ల్: చితిపి, చింపి, చుట్టే) యంత్రం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. పళ్లున్న రోలర్ల మధ్య ఆకు చితికి, చిరిగి, ముద్దై, చిన్న గుళికల్లా బయటికి వస్తుంది. మనం రోజూ ఇంట్లో పాలతో మరిగించే టీ ఇదే. ఆకును ఆకులాగే చుట్టి ఆరబెట్టేది ఆర్థోడాక్స్ పద్ధతి.

దాదాపు నాలుగున్నర కిలోల పచ్చాకు నుంచి కిలో టీ పొడి వస్తుంది. ఈ ఒక్క లెక్క పిల్లల చేత వేయించండి. వాళ్లు కోసిన వంద గ్రాములకు ఎంత పొడి రావాలో వాళ్లే చెప్తారు.

జాగ్రత్తలు: చున్నీలు, వదులు జుట్టు ముడి వేసుకోవాలి. చంటిపిల్లల్ని ఎత్తుకోవాలి. లోపల పొడి గాల్లో ఎగురుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోవాలి లేదా బయట కూర్చోవాలి.

## 10. తోటలో మసలుకునే పద్ధతి

ఎస్టేట్‌లోకి అనుమతి లేకుండా దిగొద్దు. హోమ్‌స్టే వాళ్లను అడిగితే ఎవర్నైనా తోడు పంపుతారు. కాలిబాట మీదే నడవాలి. మొక్కల మధ్య దూరిపోయి ఫోటోలు తీసుకుంటే కొమ్మలు విరుగుతాయి.

ఆకు కోసే ఆడవాళ్లను అడక్కుండా ఫోటో తీయకండి. వాళ్లకు కోసిన బరువును బట్టి లెక్క ఉంటుంది, మనం ఆపిన ప్రతి నిమిషం వాళ్లకు నష్టం. "అక్కా, ఫోటో ఎడుక్కట్టుమా?" అని అడిగి, వద్దంటే నవ్వి వచ్చేయండి. వాళ్ల బుట్ట తీసుకుని మన పిల్లల వీపున వేసి ఫోటో తీయడం నాకు అస్సలు నచ్చదు. మాటలు కలపాలంటే తమిళం రాకపోయినా ఫరవాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో బడగలు అనే స్థానిక జనం ఎక్కువ, వాళ్ల భాష కన్నడకు దగ్గర. బెంగళూరులో నేర్చుకున్న కన్నడం ఇక్కడ బాగా ఉపయోగపడింది.

చీకటి పడ్డాక తోటలోకి ఎవరూ వెళ్లకూడదు. కూనూరు, కోటగిరి తోటల్లో అడవిదున్నలు మేస్తూ తిరుగుతాయి. ఎలుగుబంట్లు, చిరుతలు కూడా ఉన్నాయి. దున్న మందకొడిగా, పెంపుడు గేదెలా కనిపించి మోసం చేస్తుంది. కనిపిస్తే వెనక్కి నడుచుకుంటూ వచ్చేయాలి, సెల్ఫీ కోసం ముందుకు పోకూడదు. సాయంత్రం ఆరుకి పిల్లల్ని లెక్కపెట్టి లోపలికి తేవడం ఒకరి బాధ్యతగా పెట్టండి. ఆ ఒక్కరు ఎవరో పేరు చెప్పి మరీ అప్పగించండి. "అందరం చూసుకుంటాం" అంటే ఎవరూ చూడరు.

శనివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటే, కూనూరు నుంచి ఊటీకి గంటకు పైన పట్టే కొండ రైలు ఎక్కొచ్చు. ఐఆర్‌సీటీసీలో ముందే టికెట్లు తీసుకోవాలి, పదిహేను మందికి అప్పటికప్పుడు దొరకవు. మేము ఎక్కలేదు, ఆ టైములో పెనం ముందు కూర్చుని ఆకు ఆరబెట్టుకున్నాం.

## 11. టీ పొడి కొనేటప్పుడు

- ఇంట్లో పాలతో చిక్కటి టీ తాగేవాళ్లు సీటీసీ డస్ట్ (సన్నటి పొడి) కొనండి. ఖరీదైన ఆకు టీ కొని పాలల్లో మరిగిస్తే దాని రుచి పోతుంది.
- పాలు లేకుండా తాగేవాళ్లు ఆర్థోడాక్స్ తీసుకోండి. కప్పుకు ఒక టీస్పూను, వేడినీళ్లు పోసి మూడు నిమిషాలు మూత పెట్టి వడగట్టాలి. స్టవ్ మీద మరిగించకూడదు.
- ప్యాక్ చేసిన తేదీ చూడండి. ఆరు నెలలకు సరిపడా కన్నా ఎక్కువ కొనకండి.
- చాక్లెట్ టీ, యాలకుల టీ లాంటి వాటిలో వాసన పైనుంచి కలిపిందే. ముందు మామూలు టీ రుచి చూసి, నచ్చితేనే అవి.
- బ్యాగులో నీలగిరి తైలం సీసా, మసాలాలు ఉన్న చోట టీ ప్యాకెట్ పెట్టొద్దు. టీ వాసనలన్నీ పీల్చేస్తుంది. మా మొదటి ప్రయాణంలో తెచ్చిన కిలో పొడి అంతా తైలం వాసన వచ్చి, జలుబు చేసినప్పుడు తప్ప ఎవరూ ముట్టలేదు.

## 12. తిరుగు ప్రయాణం

ఆదివారం ఉదయం ఎనిమిదికల్లా బండి ఎక్కండి. మధ్యాహ్నం ఒంటిగంటలోపు బందీపూర్ దాటితే మైసూరు దగ్గర సాయంత్రపు రద్దీ తగలదు. పదింటికి లేచి, టిఫిన్ తిని, షాపింగ్ చేసి బయల్దేరితే రాత్రి పదకొండింటికి కెంగేరి దగ్గర ట్రాఫిక్‌లో ఉంటారు.

గదులు ఖాళీ చేసే ముందు ఒకరు అన్ని గదుల్లో మంచాల కింద, గీజర్ స్విచ్ దగ్గర, బాల్కనీలో ఆరేసిన బట్టల దగ్గర చూడాలి. మందుల డబ్బా, ఫోన్ చార్జర్లు, పిల్లల సాక్సులు అక్కడే ఉండిపోతాయి. మిగిలిన చెత్తంతా గుడ్డ సంచిలో వేసి కిందికి తెచ్చుకోండి.

బండిలోనే లెక్క ముగించాలి. గుండ్లుపేట దాటి సిగ్నల్ వచ్చాక ఖాతా గ్రూపులో పెట్టి, మైసూరు వచ్చేలోపు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చి ఫోన్‌పేలో పంపించేసుకున్నాం. డ్రైవర్ అన్నకు బాటాతో పాటు నాలుగు ఇళ్ల తరఫున వేరుగా కవర్ ఇచ్చాం. పిల్లలు తాము చేసిన టీ పొడిలో మిగిలిన రెండు చెంచాలు కాగితంలో పొట్లం కట్టి ఆ కవర్‌తో పాటు ఆయన చేతిలో పెట్టారు.